ప్యాకింగ్‌లో తోలు వస్తువులకు బూజు పట్టకుండా: బంకమట్టి పొట్లాలతో సమగ్ర మార్గదర్శి

ముసురు రోజుల్లో సీలు వేసి పంపిన తోలు బ్యాగు నెల తిరిగేసరికి తెల్లటి బూజుతో, ముక్కిపోయిన వాసనతో బయటపడితే చాలామంది ముందు తప్పుపట్టేది లోపల వేసిన, తేమ పీల్చే చిన్న పొట్లాన్నే. నాసిరకం పొట్లం ఇచ్చారని, ఇంకోటి వేసి ఉండాల్సిందని అనుకుంటారు. కానీ ఆ బూజుకు కారణం చాలావరకు ప్యాకింగ్ చేసిన రోజునే తోలులో ఉండిపోయిన చెమ్మ. పొట్లం ఆరిన తోలుకు కాపలా కాస్తుంది, అంతే. తడి తోలును ఆరబెట్టడం దానివల్ల కాదు. ఈ ఒక్క మాట మనసులో పెట్టుకుంటే కింద చెప్పే ప్రతి పనీ ఎందుకు చేయాలో దానంతటదే తెలుస్తుంది.

ఇంటి దగ్గర పర్సులు, బెల్టులు, బ్యాగులు కుట్టి కొరియర్లో పంపేవాళ్లను, చిన్న చెప్పుల షాపులవాళ్లను, పెద్ద వర్క్‌షాపు లేకుండానే విదేశాలకు పార్సిళ్లు పంపేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

ముందు ఒక చిన్న లెక్క

గాలిలో తేమ (ఆ వేడిలో గాలి మోయగలిగినంత ఆవిరిలో ఎంత శాతం ఉందో చెప్పే అంకె) 65 శాతం లోపు ఉన్నంతకాలం బూజు దాదాపు మొలవదు. 70 దాటితే వారాల్లో, 80 దాటితే రోజుల్లోనే మొదలవుతుంది. 25 నుంచి 30 డిగ్రీల వేడి దానికి బాగా నప్పుతుంది. అంటే విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీర పట్టణాల్లో వానాకాలపు గాలి బూజుకు సరిగ్గా సరిపోయే గాలి. బూజు విత్తనాలు ఎక్కడి నుంచో రానక్కర్లేదు. గాలిలో, గుడ్డమీద, మన చేతులమీద ఎప్పుడూ ఉండేవే. వాటిని పూర్తిగా తుడిచేయలేం కాబట్టి వాటికి నీళ్లు దొరక్కుండా చేయడం ఒక్కటే మన చేతిలో ఉంది.

ఇప్పుడు ఆ నీళ్లు ఎక్కడున్నాయో చూడండి. 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న గాలి ఘనపు మీటరులో సుమారు 24 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. బూట్ల అట్టపెట్టెలో పట్టే గాలి 8 లీటర్లు. అందులో నీరు 0.2 గ్రాము కూడా ఉండదు. అదే పెట్టెలోని తోలు, లోపలి అట్ట కలిపి అరకిలో ఉన్నాయనుకోండి. ముసురులో అవి నెమ్మెక్కి, ఉండాల్సినదానికన్నా తమ బరువులో 5 శాతం ఎక్కువ తేమ పట్టుకున్నా 25 గ్రాముల నీరు. 30 గ్రాముల మంచి బంకమట్టి పొట్లం మనకు కావలసిన తేమ స్థాయిలో తాగగలిగేది సుమారు 6 గ్రాములు. ఇరవై అయిదుకు ఆరు ఏ మూలకు?

అందుకే మొదటి పని పొట్లం కొనడం కాదు. తోలును ఆరబెట్టడం.

అడుగు 1: తేమ మీటరు కొనండి, దాన్ని ఉప్పుతో సరిచూడండి

కొన్ని వందల రూపాయలకు చిన్న డిజిటల్ హైగ్రోమీటరు దొరుకుతుంది. కొన్నవన్నీ సరిగ్గా చూపించవు, కొన్ని 5, 6 శాతం అటూ ఇటూ చెబుతాయి. సరిచూసుకోవడానికి ఇంట్లో ఉన్న ఉప్పు చాలు.

సీసా మూతలో రెండు చెంచాల ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేదాకా చుక్కచుక్కగా నీళ్లు పోయండి. ఉప్పు కరిగిపోకూడదు. ఆ మూతను, మీటరును కలిపి జిప్ కవరులో పెట్టి గాలి ఆడకుండా మూసేసి రాత్రంతా వదిలేయండి. మీటరుకు ఉప్పు తగలకుండా చూసుకోండి. తడి ఉప్పు పక్కన మూసిన చోట గాలి తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. పొద్దున మీ మీటరు 79 చూపిస్తే అది 4 ఎక్కువ చెబుతోందని దానిమీదే రాసి అంటించండి.

అడుగు 2: తోలును ఆరనివ్వండి

ఎక్కువ ఓపిక పట్టాల్సింది, ఎక్కువమంది తొందరపడేది ఇక్కడే. కుట్టు అయిపోయింది, ఆర్డరు ఉంది, సాయంత్రం కొరియర్ అబ్బాయి వస్తాడు. అలాంటప్పుడే చెమ్మ లోపల ఉండిపోతుంది.

నీళ్ల ఆధారంగా చేసిన గమ్ము, అంచులకు పూసిన రంగు, పాలిష్, అచ్చు గుద్దేముందు తోలును తడపడం ఇవన్నీ తేమను కూర్చేవే. పైన తాకితే పొడిగా ఉంటుంది. రెండు తోళ్లు అతికిన చోట, బూటు అడుగు అట్టలో, బెల్టు మడతలో ఇంకా పచ్చిగానే ఉంటుంది. పని పూర్తయ్యాక వస్తువును గాలి ఆడే అరమీద, ఫ్యాను కింద, జిప్పులు తెరిచి, మడతలు విప్పి కనీసం రెండు రోజులు వదలండి. అతుకులు ఎక్కువున్న బూట్లకు, గట్టి బ్యాగులకు మూడు నాలుగు రోజులు పట్టొచ్చు.

అయితే బయట గాలే 80 శాతం తేమతో ఉంటే ఎన్నాళ్లు ఆరబెట్టినా తోలు ఆ గాలికి తగ్గట్టే చెమ్మగా ఉంటుంది. అప్పుడు రెండు దారులు. ఒకటి, ఏసీ లేదా డీహ్యూమిడిఫైయరు (గాలిలో తేమ లాగే యంత్రం) ఉన్న మూసిన గది. రెండోది, వెచ్చటి అలమారా: గాలిని 10 డిగ్రీలు వేడిచేస్తే దాని తేమ శాతం ఇంచుమించు సగానికి పడిపోతుంది. 28 డిగ్రీల దగ్గర 80 శాతం ఉన్న గాలి 38 డిగ్రీలకు వచ్చేసరికి 46 శాతం చుట్టూ ఉంటుంది. పైనా కిందా గాలి రంధ్రాలున్న చెక్క అలమారాలో తక్కువ వేడి ఇచ్చే హీటరు పెట్టుకుంటే చాలు. హీటరుకు, తోలుకు మధ్య మూరెడు ఎడం ఉంచండి, మనిషి లేనప్పుడు ఆపేయండి, 40 డిగ్రీలు దాటనివ్వకండి. ఎండలో మాత్రం పెట్టొద్దు. తోలులోని నూనెలు పైకి తేలి, రంగు వెలిసి, తోలు బిరుసెక్కుతుంది.

తోలు నిజంగా ఆరిందా అన్నది తెలియాలంటే వస్తువును, మీటరును కలిపి పొట్లం లేకుండా పెద్ద జిప్ కవరులో మూసి 24 గంటలు వదలండి. లోపల గాలి తోలుతో సర్దుకుని, తోలులో ఉన్న తేమనే మీటరు చెబుతుంది. 45 నుంచి 55 మధ్య ఉంటే ప్యాక్ చేయండి. 55 దాటితే మళ్లీ ఆరబెట్టండి. ఈ ఒక్క పరీక్ష అలవాటు చేసుకుంటే సగం ఫిర్యాదులు ఆగిపోతాయని నా గట్టి నమ్మకం.

40 కన్నా తక్కువకు ఆరబెట్టడమూ మంచిది కాదు. తోలు పెళుసై, మడిచిన చోట చిట్లుతుంది.

తంగేడు చెక్క, కరక్కాయ, తుమ్మ చెక్క లాంటివాటితో ఊనిన (పచ్చి తోలును కుళ్లకుండా పదును చేసిన) తోలు మీద క్రోమ్ లవణాలతో ఊనినదానికంటే బూజు తొందరగా పడుతుంది. అలాంటి తోలుతో పనిచేసేవాళ్లు 55 దగ్గర ఆగకుండా 50కి తేవడం మేలు. తోలు కొనేటప్పుడు బూజు నిరోధక మందు వాడారా లేదా అని అమ్మేవాళ్లను అడగండి.

అడుగు 3: అట్ట, కాగితం, చెక్క కూడా ఆరాలి

బ్యాగు ఆకారం నిలవడానికి లోపల కుక్కే పాత న్యూస్‌పేపర్లు వానాకాలంలో నీళ్లు మోసుకొచ్చే సరుకే. కార్టన్లను గోడకు ఆనించి నేలమీద పేర్చినా అంతే, కింది వరుస ఎప్పుడూ చల్లగా, మెత్తగా ఉంటుంది. అట్టపెట్టెలను చెక్క బల్లమీద, గోడకు జానెడు ఎడంగా పెట్టండి. లోపల కుక్కడానికి శుభ్రమైన టిష్యూ కాగితం వాడి, దాన్నీ పెట్టెలనూ తోలుతోపాటే ముందురోజు పొడి గదిలో ఉంచండి.

అడుగు 4: ఏ సహజ పదార్థం పనికొస్తుంది, ఏది కాదు

వంటింట్లో దొరికేవాటి గురించి చాలా చిట్కాలు తిరుగుతుంటాయి. ఒక్కొక్కటే చూద్దాం.

బియ్యం: డబ్బాలో ఉన్న బియ్యంలో అప్పటికే 12, 13 శాతం తేమ ఉంటుంది. ఇంకా తాగడానికి చోటు ఎక్కువ లేదు. పైగా పురుగు పడుతుంది. వద్దు.

ఉప్పు: ఇది మరీ ప్రమాదం. గాలి తేమ 75 శాతం దాటేదాకా ఉప్పు ఏమీ పట్టుకోదు, దాటగానే నీరుకారుతుంది. అవసరం ఉన్నప్పుడు పనిచేయదు, పనిచేసినప్పుడు తోలును పాడుచేస్తుంది.

సున్నం: కాల్చిన సున్నం నీటిని బలంగా లాగుతుంది కానీ వేడి పుట్టిస్తుంది, ఘాటైన క్షారం. తోలుకు, చేతులకు, కళ్లకు మూడింటికీ చెడ్డది.

కట్టెబొగ్గు: వాసన లాగడానికి మంచిది. తేమ విషయంలో మనకు కావలసిన 50 శాతం దగ్గర పెద్దగా సాయపడదు. వాసన కోసం వేస్తే రెండు పొరల గుడ్డలో కట్టి వేయండి, నల్ల పొడి తోలుకు అంటితే పోదు.

వేపాకు, కర్పూరం: పురుగులకు పనికొస్తాయి, తేమకు కాదు. పచ్చి వేపాకు వేస్తే అదే చెమ్మ.

కాల్షియం క్లోరైడ్ మీద ఒక మాట. ఓడ కంటైనర్లలో వేలాడదీసే పెద్ద పట్టీల్లో ఉండేది ఎక్కువగా అదే. అక్కడ బాగా పనిచేస్తుంది. తేమ తాగి ద్రవంగా మారే గుణం దానిది కాబట్టి తోలు పెట్టె లోపల మాత్రం పెట్టకండి. కారిందంటే ఆ మరక పోదు.

మిగిలింది బెంటొనైట్ బంకమట్టి. నా ఓటు దీనికే. మన నల్లరేగడి నేలలు ఎండాకాలంలో నెర్రెలు బారి, తొలకరికి ఉబ్బి మూసుకుపోవడం చూసినవాళ్లకు ఈ మట్టి గుణం వేరే చెప్పక్కర్లేదు. రెండింట్లోనూ ఉండేది మాంట్‌మోరిల్లొనైట్ జాతి ఖనిజమే. దాని రేకుల మధ్యకు నీరు చేరి నిలుస్తుంది, కానీ గాలి తేమ తాగినంత మాత్రాన మట్టి కారదు. మన దేశంలో ఇది గుజరాత్‌లోని కచ్ ప్రాంతంలో విస్తారంగా తవ్వుతారు. అలాగని చేలోని నల్లమట్టిని తెచ్చి వాడొద్దు. అందులో కుళ్లిన ఆకు, సూక్ష్మజీవులు, సన్నటి దుమ్ము ఉంటాయి. డిసికెంట్ క్లే (తేమ పీల్చే మట్టి) పేరుతో అమ్మే గుళికలు కొనండి. అవి దొరక్కపోతే వాసన కలపని బెంటొనైట్ పిల్లి ఇసుక పెద్ద ఊళ్లలోని పెంపుడు జంతువుల షాపుల్లో ఉంటుంది, ఆరబెట్టి వాడుకోవచ్చు.

సిలికా జెల్ సహజమైనది కాదు, ఫ్యాక్టరీలో తయారైనది. తేమను బంకమట్టికన్నా ఎక్కువే పడుతుంది, విషం కాదు. మట్టి దొరకని రోజున నిస్సందేహంగా వాడండి. నీలి రంగు గింజలున్నది మాత్రం వద్దు, ఆ నీలం కోబాల్ట్ క్లోరైడ్ అనే హానికర రసాయనం వల్ల వస్తుంది.

అసలు దూరంగా ఉండాల్సింది 'బూజు రాదు' అని రాసి, లోపల ఏముందో రాయని పొట్లాలకు. 2007, 2008 ప్రాంతంలో బ్రిటన్, ఫిన్లాండ్, ఫ్రాన్స్ లాంటి దేశాల్లో కొత్త సోఫాలు, బూట్లు వాడినవాళ్లకు ఒళ్లు కాలినట్టు దద్దుర్లు లేచాయి. కారణం సోఫాల లోపల, బూట్ల పెట్టెల్లో పెట్టిన పొట్లాల్లోని డైమిథైల్ ఫ్యూమరేట్ అనే బూజు మందు. అది ఆవిరై తోలులోకి, బట్టల్లోకి, చర్మంలోకి చేరింది. 2009లో యూరోపియన్ యూనియన్ ఆ మందున్న వస్తువుల అమ్మకాన్నే నిషేధించింది, కిలోకు 0.1 మిల్లీగ్రాము దాటకూడదని గీత గీసింది. యూరప్‌కు పంపేవాళ్లకు ఇది చట్టం సంగతి. మనకు మాత్రం, కొన్నవాళ్ల ఒంటికి తగిలే వస్తువు అన్న ఒక్క కారణం చాలు.

అడుగు 5: మట్టిని సిద్ధం చేయడం

కొన్న మట్టి దారిలోనే కొంత తేమ తాగి ఉంటుంది. దాన్ని ట్రేలో వేలి మందాన పరిచి ఓవెన్‌లో 110 నుంచి 120 డిగ్రీల దగ్గర మూడు గంటలు ఉంచండి. ఓవెన్ లేకపోతే వంటకు వాడని పాత ఇనుప మూకుడులో సన్నసెగమీద కలుపుతూ వేయించవచ్చు. దుమ్ము లేస్తుంది కాబట్టి మాస్కు పెట్టుకుని, కిటికీ తెరిచి చేయండి. ఇంకా వేడిగా ఉండగానే బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బాలో పోసి మూసేయండి. తెరిచి చల్లార్చారంటే చేసిన పనంతా వృథా, చల్లబడుతూనే గాలిలో తేమ తాగేస్తుంది.

మట్టి మంచిదో కాదో ఇలా చూడండి. ఆరిన మట్టి సరిగ్గా 50 గ్రాములు తూచి పళ్లెంలో పోసి, అడుగు 1లోలాంటి తడి ఉప్పును ఈసారి గిన్నె నిండా చేసి (మట్టి తాగే నీరంతా అందులోంచే రావాలి), దాని పక్కనే మూసిన డబ్బాలో కనీసం రెండు రోజులు, బరువు పెరగడం ఆగేదాకా ఉంచి మళ్లీ తూచండి. 58 గ్రాములు దాటితే పనికొస్తుంది. 53 దగ్గరే ఆగితే అందులో బెంటొనైట్ తక్కువ, మామూలు మట్టి ఎక్కువ.

అడుగు 6: పొట్లం కట్టడం

గాలి ఆడాలి, దుమ్ము రాలకూడదు. ఒంటి పొర నూలు గుడ్డలోంచి సన్నటి పొడి వస్తూనే ఉంటుంది, లేతరంగు తోలు మీద మచ్చలు పడతాయి. టీ పొడి వేసుకునే వడపోత కాగితపు సంచిలో మట్టి పోసి, దాన్ని మళ్లీ దగ్గర నేత నూలు గుడ్డలో కుట్టడం తక్కువ చేసేవాళ్లకు తేలిక. ఎక్కువ చేసేవాళ్లు ఖాళీ టైవెక్ (ఆవిరిని పోనిచ్చి, పొడిని ఆపే కాగితంలాంటి ప్లాస్టిక్) పొట్లాలు కొని సీలు వేసుకోవచ్చు. కుట్టిన పొట్లాన్ని తెల్లగుడ్డకేసి నాలుగుసార్లు కొట్టి చూడండి, గుడ్డ మాసిందంటే ఇంకో పొర వేయాలి.

పొట్లం మీద మూడు సంగతులు రాయండి: తినకూడదని, లోపల ఉన్నది బెంటొనైట్ మట్టి అని, పొడి బరువు ఎన్ని గ్రాములని. మూడోది ముందు ముందు చాలా పనికొస్తుంది.

అడుగు 7: ఎన్ని పొట్లాలు?

తోలు 55 శాతం లోపు ఆరి ఉంటే, కవరు మంచిదైతే, మొదలుపెట్టడానికి నా కొలతలు ఇవి. పర్సుకు, బెల్టుకు 5 నుంచి 10 గ్రాముల మట్టి. జత బూట్లకు లేదా చిన్న బ్యాగుకు 30 గ్రాములు. పెద్ద ప్రయాణపు బ్యాగుకు 60 నుంచి 90 గ్రాములు, రెండు మూడు పొట్లాలుగా విడదీసి, ఒకటి లోపలి అరలో, ఒకటి పైన. పొట్లం తోలుకు నేరుగా ఒత్తుకోకుండా మధ్యలో టిష్యూ ఉండాలి, లేకపోతే ఆ ఒక్కచోటే తోలు ఎక్కువ ఆరి అచ్చు పడుతుంది.

డబ్బా తెరిచాక పొట్లాలను అరగంటలో వాడేయాలి. పొద్దున బల్లమీద పరిచి సాయంత్రం వేసిన పొట్లం అప్పటికే సగం నిండిన పొట్లం.

అడుగు 8: కవరు

పొట్లం కన్నా కవరు ముఖ్యం. మామూలు పాలిథిన్ నీళ్లను ఆపుతుంది, నీటి ఆవిరిని పూర్తిగా ఆపదు. లెక్క వేస్తే, ముసురు వాతావరణంలో ఒక చేతిసంచి పట్టే 200 గేజ్ (గేజ్ కవరు మందం కొలత) కవరులోంచి రోజుకు అరగ్రాము పైనే తేమ లోపలికి చేరుతుంది. 30 గ్రాముల పొట్లం సుమారు 10 రోజుల్లో నిండిపోతుంది. 400 గేజ్ అయితే దానికి రెట్టింపు రోజులు. ఊళ్లోనో పక్క రాష్ట్రంలోనో వారంలో చేరే పార్సిలుకు ఇది చాలు. నెలల తరబడి గోడౌన్లో ఉండేదానికి, ఓడలో వెళ్లేదానికి మెటలైజ్డ్ (సన్నటి లోహపు పూత ఉన్న) కవరు గానీ అల్యూమినియం పొర ఉన్న కవరు గానీ వాడి వేడి సీలు వేయాలి. సీలు మీద ముడత ఉంటే అక్కడినుంచే గాలి లాగుతుంది, ఆ అంచును వేలితో తడిమి చూడండి.

లేదా కవరే వద్దు. నూలు సంచిలో వేసి, గాలి ఆడే పొడి గదిలో ఉంచండి. అప్పుడు పొట్లం అవసరం లేదు, వేసినా గది గాలినంతా ఆరబెట్టలేదు. ఈ రెండింటికీ మధ్యలో ఉండేది, అంటే పల్చటి పాలిథిన్‌లో సగం చెమ్మ తోలు, సగం మూసిన సీలు, అన్నింటికన్నా చెడ్డది. 30 డిగ్రీలు, 80 శాతం తేమలో మూసిన గాలి 26 డిగ్రీలకు చల్లబడితే చాలు, కవరు లోపలి వైపు నీటి బిందువులు కడతాయి. రాత్రిపూట లారీలో, విమానం సరుకు అరలో అంత చల్లబడటం మామూలే. ఏసీ గదిలోంచి తెచ్చిన చల్లటి వస్తువునూ తేమ గాలిలో వెంటనే కవరులో వేయకండి. దానిమీద కంటికి కనిపించనంత చెమట పట్టి ఉంటుంది.

అడుగు 9: ఒక పెట్టె మన దగ్గరే ఉంచుకోవాలి

ప్రతి విడతలో ఒక పెట్టెలో మీటరు పెట్టి, మిగతావాటిలాగే సీలు వేసి, గోడౌన్లో అన్నింటికన్నా చెమ్మగా ఉండే మూలన ఉంచండి. రెండు వారాలకోసారి తెరిచి అంకె చూడండి, పొట్లం తూచండి. పొడి బరువుకు 15 శాతం కలిసిందంటే అది నిండవచ్చినట్టే: 30 గ్రాములది 34.5కు చేరితే మార్చేయాలి. నిండిన పొట్లం విప్పి మట్టిని మళ్లీ అడుగు 5లో చెప్పినట్టు ఆరబెడితే మళ్లీ పనికొస్తుంది. పొట్లంతో సహా ఓవెన్‌లో పెట్టొద్దు, గుడ్డా కాగితమూ మాడతాయి.

తోలుబొమ్మలు, లాంప్‌షేడ్లు పంపేవాళ్లకు

శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట నుంచి తోలుబొమ్మలు, దీపాల షేడ్లు దేశమంతా వెళ్తున్నాయి. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆ బొమ్మలకు వాడేది ఊనిన తోలు కాదు. వెంట్రుకలు గీకి, సాగదీసి ఆరబెట్టిన మేకతోలు. అందుకే వెలుగు దానిగుండా ప్రసరిస్తుంది, అందుకే తేమకు త్వరగా లొంగుతుంది కూడా. రాయలసీమ పొడిగాలిలో నెలలు నిలిచిన బొమ్మ తీరప్రాంతపు ఇంట్లో ముసురుకు మెత్తబడి వంకర పోతుంది, బూజూ పడుతుంది. మరీ ఆరబెడితే అంచులు ముడుచుకుంటాయి. వీటికి 50 శాతం దగ్గర ఆగడం మంచిది. రెండు గట్టి అట్టల మధ్య టిష్యూ వేసి, పరిచి, పెట్టె మూలల్లో పొట్లాలు పెట్టండి, బొమ్మ మీద కాదు. చుట్టి గొట్టంలో పంపే అలవాటుంటే మానుకోవాలి.

తెరిచినప్పుడు తెల్లగా కనిపిస్తే

అది బూజే కానక్కర్లేదు. తోలులోని కొవ్వు పైకి తేలినా తెల్లగా పొడిలా ఉంటుంది. హెయిర్ డ్రయ్యరుతో కాస్త వెచ్చగా గాలి కొట్టండి. కరిగి మాయమైతే కొవ్వు, మెత్తటి గుడ్డతో తుడిస్తే సరి. కరగకుండా నూగులా నిలిచి, ముక్కిన వాసన వస్తే బూజు. దాన్ని మిగతా సరుకుకు దూరంగా, ఆరుబయట నీడలోకి తీసుకెళ్లి, మాస్కుతో, మెత్తటి బ్రష్‌తో దులపండి. 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను (మిగతా 30 శాతం నీళ్లు) కనబడని మూలన పరీక్షించి, రంగు ఊడకపోతే గుడ్డకు అద్ది తుడవండి. ఆ వస్తువు అడుగు 2 నుంచి మళ్లీ మొదలవ్వాలి. దాంతో ఉన్న టిష్యూ, అట్టపెట్టె మళ్లీ వాడకండి.

కొన్నవాళ్లకు కూడా చిన్న చీటీ రాసి పెట్టండి: అందిన రోజే కవరు తీసేసి నూలు సంచిలో ఉంచమని, పొట్లం పిల్లలకు అందకుండా పారేయమని, వానాకాలంలో నెలకోసారి బయటికి తీసి గాలి తగలనివ్వమని. చాలామంది ప్లాస్టిక్ కవరుతోనే బీరువాలో పెట్టేస్తారు.